గుండుకు అడ్డు, పెట్టెకు రక్ష

క్రోనోగ్రాఫ్ అనగానే మా బావ తన చేతి గడియారం వైపు చూసుకున్నాడు. ఆయన్ను అనడానికి లేదు. గడియారాల దుకాణాల్లో ఆ పేరుతో వాచీలు అమ్ముతారు. నేను చెప్పబోయే క్రోనోగ్రాఫ్ వేరు. తుపాకి గొట్టం నుంచి బయటపడిన గుండు సెకనుకు ఎన్ని మీటర్ల వేగంతో పోతున్నదో చెప్పే పెట్టె అది. మన కుటుంబాల్లో కూడా ఇప్పుడు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పట్టే పిల్లలు అక్కడక్కడా కనిపిస్తున్నారు. ఎవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మా అక్కావాళ్ళది గుడియాత్తం. లుంగీల మగ్గాల ఇల్లు. వాళ్ళ అమ్మాయి, అంటే నా మేనకోడలు, వేలూరులో కాలేజీ చదువుతూ రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటోంది. ఎవరో వాడి అమ్మిన రైఫిల్‌ను రెండేళ్ళ క్రితం కొనిచ్చారు. కొన్ని నెలలుగా దాని స్కోరు పడిపోతూ వచ్చింది. మొదటి ఇరవై గుండ్లు బాగా పడతాయి, ఆ తర్వాతవి కిందికి దిగుతాయి. ఏకాగ్రత పోయిందన్నారు నేర్పేవారు. సెల్‌ఫోన్ వల్లనే అంది మా అక్క. "పోనీలేమ్మా, చదువు చూసుకో" అన్నాడు బావ. ఆ మాటే పిల్లకు ఎక్కువ గుచ్చుకుంది.

"తుపాకిలోనే ఏందో ఉంది మామా, నమ్మరేంది ఎవరూ?" అని నా దగ్గర కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

పోటీకి పనికొచ్చే కొత్త రైఫిల్ కావాలంటే లక్షల్లో మాట. అక్క నగలు కుదువ పెడతానంది. బ్యాంకులో ముప్పై ఏళ్ళుగా నగల మీద అప్పులు ఇస్తున్నవాణ్ణి, సరుకు తూచకుండా ఒక్క అప్పూ ఇచ్చి ఎరగను. ముందు తుపాకిని తూచండి, తర్వాత నగల సంగతి చూద్దాం అన్నాను. ఆ తూకపు రాయే ఈ క్రోనోగ్రాఫ్.

వేలూరులో ఒక పెద్దమనిషి దగ్గర అది ఉంది. ఇస్తానన్నారు గానీ ఒక షరతు పెట్టారు. ఇంతకు ముందు ఆయన పెట్టెను ఒక కుర్రాడు తుపాకితో కొట్టి చంపాడట. ముందర అడ్డు కట్టి చూపిస్తేనే పెట్టె గడప దాటుతుందన్నారు. న్యాయమైన షరతే.

అంత దగ్గరి నుంచి, గురి నేర్చినవాళ్ళు పెట్టెను ఎలా కొడతారు? నాకూ ఆశ్చర్యమే వేసింది. మేనకోడలు కాగితం మీద గీసి చూపించింది. మనం చూసే సైటు గొట్టానికి నాలుగైదు సెంటీమీటర్లు పైన ఉంటుంది. చూపు గీత, గుండు పోయే గీత 10 మీటర్ల అవతల టార్గెట్ దగ్గర కలిసేలా రైఫిల్ సరిచేసి ఉంటుంది. పెట్టె ఉండేది గొట్టానికి మీటరు దూరంలో. అక్కడ ఆ రెండు గీతలూ ఇంకా ఎడంగానే ఉంటాయి. కంటికి దారి శుభ్రంగా, పెట్టె పైనుంచి కనిపిస్తుంది. గుండు మాత్రం ఆ చూపుకు బెత్తెడు కిందుగా పోయి పెట్టె నుదుట తగులుతుంది. అందుకే గురి బాగా కుదిరినవాళ్ళే ఎక్కువ కొడతారట!

పెట్టె పనిచేసే తీరు తెలిస్తే అడ్డు ఎక్కడ కట్టాలో తెలుస్తుంది. పెట్టె పైన అడుగు దూరంలో రెండు కళ్ళు ఆకాశం వైపు చూస్తుంటాయి. గుండు నీడ మొదటి కంటి మీద పడగానే లోపలి గడియారం మొదలవుతుంది, రెండో కంటి మీద పడగానే ఆగుతుంది. సెకనుకు 175 మీటర్లు పోయే గుండుకు ఆ అడుగు దాటడానికి సెకనులో వెయ్యో వంతులు రెండు కూడా పట్టవు. కాబట్టి అడ్డు ఎత్తు పెరిగి గుండు దారికి తగలకూడదు, కళ్ళ మీద పడే వెలుతురును ఆపకూడదు. ట్యూబులైటు కింద అంకెలు పిచ్చిగా వస్తాయి. మన కరెంటుకు ఆ లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది, అది మనకు తెలియదు గానీ పెట్టెకు తెలుస్తుంది. అందుకని మగ్గాల షెడ్డులో లైట్లార్పి, తలుపు తీసి, పగటి నీడలోనే పని పెట్టుకున్నాం.

మొదట బావ ఇనుపరేకు నిలువుగా నిలబెడితే చాలన్నాడు. మగ్గాలు బాగుచేసే ఆచారి ఒప్పుకోలేదు. "గట్టిదానికి కొడితే తిరిగి మన మొహానికే వస్తుంది సామీ" అన్నాడు. ఆయన ఏనాడూ తుపాకి పట్టినవాడు కాడు, అయినా అసలు కిటుకు చెప్పాడు. సీసపు గుండు ఇనుముకు తగిలితే చదునై ముక్కలు వెనక్కి చిమ్ముతాయి. కనుక ముందు మెత్తనిది, వెనుక గట్టిది. పాత మగ్గం నుంచి విప్పిన టేకు పలక ముందు పెట్టి, దాని వెనుక లారీ ట్యూబు ముక్క, దాని వెనుక 3 మిల్లీమీటర్ల ఇనుపరేకు వేసి బోల్టులు బిగించాడు. పై అంచు కాల్చేవాళ్ళ వైపు వంగేలా నిలబెట్టాడు, ఏదైనా జారినా నేలకే దిగాలని. అంకెలు చదువుకోవడానికి చిన్న కిటికీ కోసి పాలికార్బొనేట్ బిళ్ళ బిగించాం. వేలూరు లాంగ్ బజారులో చవకగా ఆక్రిలిక్ ఇవ్వబోయారు, అది పగిలి పెంకులవుతుంది, వద్దన్నాం. అడ్డు కాళ్ళు వేరు, పెట్టె కాళ్ళు వేరు. దెబ్బ అదురు పెట్టెకు పాకకూడదు కదా. పెట్టె మీది తెల్ల గొడుగులను పట్టుకునే ఇనుప ఊచలు తీసి వెదురు పుల్లలు గుచ్చాం, తగిలితే విరిగిపోతాయి, అంతే. అవతల గుండ్లు పట్టడానికి లుంగీ కత్తిరింపు ముక్కలు కుక్కిన చెక్కపెట్టె. అందరికీ కళ్ళద్దాలు. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా తిండి ముట్టరాదని అక్క ఆజ్ఞ.

ఇక్కడ ఒక ముచ్చట. గుండు వేగాన్ని సరిగా కొలిచే తొలి ఉపాయాల్లో పేరుపడ్డది బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషువాడిది. బరువైన చెక్కదిమ్మను వేలాడదీసి, గుండు తగిలితే అది ఎంత ఊగిందో చూసి లెక్క కట్టాడు. 1742లో పుస్తకం వేశాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచేయడానికి మన వైపే వచ్చి, 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో పోయాడు. ఆయన పరికరాన్ని కొట్టి తీరాలి, మాదాన్ని కొట్టి తీరకూడదు.

ఒక ఆదివారం కొలిచాం. సిలిండరు నిండా గాలి ఉన్నప్పుడు పది గుండ్లూ 176 దగ్గర తిరిగాయి. ఇరవై దాటాక 173. నలభై దాటేసరికి 168. నేను చిట్టా పుస్తకంలో వరుసగా రాస్తూనే ఉన్నాను, పిల్ల మాట్లాడకుండా నా భుజం మీదుగా చూస్తోంది. సిలిండరులో గాలి తగ్గినా గుండుకు అందే ఒత్తిడి మారకుండా చూసే రెగ్యులేటర్ పనిచేయడం లేదన్నమాట. వేగం 8 మీటర్లు తగ్గితే 10 మీటర్ల దూరంలో గుండు ఇంచుమించు ఒకటిన్నర మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఇదేం లెక్క అంటారా? ఆ టార్గెట్ మీద గీతకూ గీతకూ ఎడం రెండున్నర మిల్లీమీటర్లే, నడిమి పది చుక్క అర మిల్లీమీటరే. దశాంశాల స్కోరులో గుండుకు 0.6 పోతుంది.

బావ చాలాసేపు ఆ పుస్తకం చూసి, "మా బిడ్డ చెప్పింది నిజమేనే" అన్నాడు అక్కతో. పిల్ల లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది.

ఆయనకు ఇంకో భయం ఉండేది, దీనికి లైసెన్సు కావాలేమో, పోలీసులు వస్తారేమో అని. 2016 ఆయుధ నియమాల ప్రకారం ఎయిర్ రైఫిల్ గొట్టం 0.177 అంగుళాలు, శక్తి 20 జౌళ్ళు దాటితేనే లైసెన్సు మాట. 0.53 గ్రాముల గుండు 175 మీటర్ల వేగంతో పోతే వచ్చేది 8 జౌళ్ళ చిల్లర. ఆ లెక్క కూడా అదే పుస్తకంలో వేసి చూపించాను.

ధైర్యం వచ్చి తానూ ఒకటి కాలుస్తానన్నాడు. సైటులోంచి తీరిగ్గా చూసి, పెట్టె పైనుంచి దారి చక్కగా ఉందని చెప్పి మరీ మీట నొక్కాడు. టప్‌మని చప్పుడు. గుండు టేకు పలకలో దిగబడింది, కిటికీకి రెండు వేళ్ళ ఎడంలో. పెట్టె ఏమీ ఎరగనట్టు సున్నాలు చూపిస్తోంది.

రైఫిల్‌ను చెన్నైలో విప్పించాం. రెగ్యులేటర్ సీళ్ళు అరిగిపోయాయట. మార్చి తెచ్చాక అరవై గుండ్లు కాల్చి మళ్ళీ కొలిచాం, అన్నీ 174, 176 మధ్యే. నగలు బీరువాలోంచి కదలలేదు. పెట్టె తిరిగి ఇచ్చేటప్పుడు ఆ పెద్దమనిషి అడ్డు మీది గుంటను వేలితో తడిమి చూసి, ఇది కూడా ఇక్కడే వదిలి పొమ్మన్నారు. ఆచారి రెండోది చేస్తున్నాడు. ఈసారి విప్పడానికి పాత మగ్గం లేదు, పలక కొనాలి అన్నాడు.