చండ్రుగొండ నుంచి ఆటోనగర్ దాకా

మొక్కజొన్న బస్తాలతో విజయవాడ వెళ్తున్న లారీ క్యాబిన్‌లో ముగ్గురం కూర్చున్నాం. స్టీరింగ్ దగ్గర మా చండ్రుగొండ వైపు కుర్రాళ్ళంతా పెద్దన్న అని పిలిచే సీనియర్ డ్రైవరు, మధ్యలో మా అన్న కొడుకు, కిటికీ పక్కన నేను. అన్న పోయి చాలా కాలమైంది. కొత్త ఉద్యోగం మాట్లాడుకోవాలి, తోడు రా బాబాయ్ అని వాడు అడిగాడు. అలా బయల్దేరాను.

వాడు లారీ పట్టి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా జామాయిల్ కర్ర తోలాడు. మా చెలకల్లో పెరిగే జామాయిల్ ఎక్కువగా గోదావరి ఒడ్డున సారపాక కాగితం మిల్లుకు పోతుంది. యజమాని వాడికి ట్రిప్పు లెక్కన డబ్బిచ్చేవాడు. బండి తిరిగితేనే డబ్బు. కర్ర కొట్టే కూలీలు రాకపోయినా, వానకు చేలో బండి దిగబడినా, యార్డులో వరస రాకపోయినా ఆ రోజులకు లెక్క లేదు, బత్తా కూడా లేదు. ఇంకో బాధ ఉంది. పది టైర్ల లారీ మొత్తం బరువు 25 టన్నులు దాటకూడదన్న పరిమితిని కేంద్రం 2018లో 28.5 టన్నులకు పెంచింది. ఆ పైన ఎక్కిస్తే, 2019 సవరణ తర్వాత, 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. ఎక్కువ ఎక్కించమన్నది యజమాని. కాటా దగ్గర దొరికినప్పుడు జరిమానాలో కొంత కోసింది వీడి డబ్బులో. ఆ సంగతి విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

అన్నపురెడ్డిపల్లి దాటాక రోడ్డుకు రెండు వైపులా పామాయిల్ తోటలు. ఆకుల కింద ఇంకా చీకటిగానే ఉంది. సత్తుపల్లి దగ్గరకొచ్చేసరికి తెల్లారింది. ఊరి పక్కనే ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు కనబడ్డాయి. ఇక్కడి బొగ్గు ఒకప్పుడు టిప్పర్లలో మా ఊళ్ళ మీదుగానే కొత్తగూడెం పోయేది. మా పక్క ఎందరో కుర్రాళ్ళు స్టీరింగ్ నేర్చుకుంది ఆ టిప్పర్ల మీదే. రైల్వే, సింగరేణి ఖర్చు పంచుకుని భద్రాచలం రోడ్ స్టేషన్ నుంచి సత్తుపల్లికి వేసిన లైను 2022లో మొదలయ్యాక బొగ్గు రైలెక్కింది. రోడ్డు మీద దుమ్ము తగ్గింది, మంచిదే. కానీ ఊళ్ళో ఉంటూ డ్రైవరుగా బతికే దారీ ఇరుకైంది. మా వాడిలాంటివాళ్ళు దూరపు లైనుకు వెళ్ళక తప్పని పరిస్థితి అప్పటినుంచే అని నా నమ్మకం.

వి.ఎం. బంజర కూడలిలో టీ తాగాం. అక్కడ పెద్దన్న నోరు విప్పాడు.

"జీతమెంత అని మొదలే అడగకు తమ్ముడూ. ఎంతైనా చెప్తారు. బండి ఆగితే నాకేంటని అడుగు. లోడు దొరక్క ఆగితే, రిపేరుకొచ్చి ఆగితే, నీకు జ్వరమొచ్చి ఆగితే. దానికి తడుముకోకుండా జవాబు చెప్పినోడి దగ్గర చేరు."

"ఇంకేం చూడాలన్నా?"

"షెడ్డులోకి పో. ముందు చక్రాలకు కొత్త రబ్బరేసిన పాత టైర్లుంటే ఆ గేటు మళ్ళీ తొక్కకు. వెనకాల టైరు పేలితే బండి ఆపుకోవచ్చు. ముందుది పేలితే స్టీరింగ్ నీ మాట వినదు. ఇన్సూరెన్సు కాయితం కూడా చూపించమను. డ్రైవరుకీ క్లీనరుకీ తలా 50 రూపాయలు అదనంగా కట్టే లైను అందులో ఉంటది. లక్షల బండికి ఆ 50 కట్టనోడు నీకేం చేస్తడు?"

ఈ మాటలు ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ చెప్పరు.

తిరువూరు దగ్గర ఆంధ్రలో అడుగుపెట్టాం. మైలవరం దాకా మామిడి తోటలే. మా వాడు ఫోన్లో రాసుకున్న ప్రశ్నలు నాకు చదివి వినిపించాడు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తోలమంటారన్నది అందులో ఒకటి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంది, 5 గంటల పనికి అరగంట విరామం అంది. దూరపు రూట్లకు కొంత సడలింపు ఉన్నా, ఒంటరి డ్రైవరు పగలూ రాత్రీ ఆగకుండా తోలడాన్ని ఆ చట్టం ఒప్పుకోలేదు. అమెరికాలో 11 గంటలు నడిపాక ఆపాల్సిందే, ఆ లెక్క బండిలోని యంత్రమే రాస్తుంది. మన దేశంలోనూ 2014లో మొదలైన రివిగో అనే కంపెనీ నాలుగైదు గంటలకో డ్రైవరును మార్చి, దిగినవాణ్ణి ఎదురొచ్చే బండిలో ఇంటికి పంపే పద్ధతి పెట్టింది. డ్రైవరును మనిషిగా చూస్తూ లారీలు నడపలేమనే మాట నేనైతే నమ్మను.

ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు దాటి, విజయవాడ ట్రాఫిక్‌లో ఈదుతూ ఆటోనగర్ చేరేసరికి ఎండ ముదిరింది. పెద్దన్న మమ్మల్ని దింపి లోడు దించడానికి వెళ్ళాడు. బాడీ కట్టే షెడ్ల నుంచి సుత్తి దెబ్బలు, కమాను కట్టలు విప్పే చప్పుడు, వెల్డింగ్ వాసన. లారీకి కావలసింది ఏదైనా ఈ వీధుల్లో దొరుకుతుంది.

మొదటి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో జీతం బాగా చెప్పారు. మైలేజీ తగ్గితే డీజిల్ డబ్బు కోస్తామన్నారు. బండి ఆగితే ఏమిటని వాడు అడగ్గానే, "ముందు చేరు, తర్వాత చూద్దాం" అని నవ్వారు. మేం నమస్కారం పెట్టి లేచాం.

రెండోచోట జీతం దానికంటే తక్కువ. కానీ మేనేజరు అచ్చు వేసిన కాయితం ముందు పెట్టాడు. హాల్టింగ్ రోజుకు ఇంత అని అంకె ఉంది, పీఎఫ్ ఉంది, హైదరాబాదు దాటిన రూటుకు ఇద్దరు డ్రైవర్లని రాసి ఉంది. మా వాడు వెంటనే సరే అనలేదు. షెడ్డులోకి వెళ్ళి ముందు టైర్లు వంగి చూశాడు. క్యాబిన్‌లో పడుకుని ఉన్న డ్రైవర్ని లేపకుండా, పక్కన అన్నం వండుకుంటున్న ఇంకొకాయన దగ్గర కూర్చున్నాడు. ఎన్నేళ్ళయింది, జీతం ఏ తారీకున పడుతుంది, పండక్కి సెలవిస్తారా అని అడిగాడు. ఆయన ఆరేళ్ళ నుంచి అక్కడే ఉన్నాడట. జీతం ఒకటి రెండుసార్లు ఆలస్యమైందని కూడా దాచకుండా చెప్పాడు. ఆ నిజం విన్నాకే నాకు ఆ చోటు మీద గురి కుదిరింది.

ట్రయల్ కోసం గన్నవరం దాకా తోలించారు. వెనక్కి తెచ్చి గోడౌన్ ప్లాట్‌ఫామ్‌కు ఆనించమన్నారు. ఏడాదిపాటు చేలగట్ల మధ్య రివర్స్ చేసిన చెయ్యి అది, ఒక్కసారికే ఆనించాడు. సోమవారం చేరమన్నారు.

మెట్లు దిగుతుండగా పెద్దన్నకు ఫోన్ చేసి కాయితం మొత్తం చదివి వినిపించాడు. "ఇన్సూరెన్సు లైను ఏదిరా?" అన్నాడాయన. మళ్ళీ పైకెక్కాం. మేనేజరు విసుక్కోలేదు. బీరువాలోంచి పాలసీ ఫైలు తీసి, మా వాడికివ్వబోయే బండి నంబరున్న పేజీ తిప్పి చూపించాడు. డ్రైవరుకు 50, క్లీనరుకు 50 అని రెండు లైన్లున్నాయి. వాడు ఆ పేజీ ఫొటో తీసుకుని వాళ్ళమ్మకు పంపాడు.