ఎంగిలి గొట్టం

మా నాయన చెప్పులు కుట్టేవాడు, డప్పు కొట్టేవాడు. గడ్డిమంట మీద డప్పు కాచి, వేళ్ళతో తట్టి చెవి పెట్టి వినేవాడు. "ఇంకా కాగాల్రా" అని మళ్ళీ మంట దగ్గర పట్టేవాడు. ఏడో తరగతిలో బడి మానేసి బెజవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డులో చేరాక, నాయన దగ్గర నేర్చిన ఆ వినడమే నాకు అన్నం పెట్టింది.

మా మేస్త్రి సాయిబు. షెడ్డులో అందరం ఒకే కూజాలో నీళ్ళు తాగేవాళ్ళం. "బండి వచ్చీ రాగానే పానా తీయమాకు. ముందు విను" అనేవాడాయన. నాకది కొత్త మాట కాదు.

1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళను ఎనిమిది మందిని చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. ఆ ఏడే కోతలయ్యాక గుంటూరు జిల్లాలో ఒక ఊరి ఆసామి లారీ చెడిందని కబురంపాడు. మేస్త్రికి జ్వరం. నన్ను పొమ్మన్నాడు. "ఆ పక్క ఊళ్ళకు పోమాకురా" అని మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పోకపోతే కూలి లేదు. పోయాను.

బండి పాత టాటా, పన్నెండు పది. ఆరు సిలిండర్లది. ఆక్సిలరేటరు తొక్కితే సర్దుకుంటుంది. కాలు తీస్తే స్లోలో నిలబడదు. నాలుగు దెబ్బలు సరిగా కొట్టి అయిదోది మింగేస్తుంది. ఒకసారి లేస్తుంది, ఒకసారి పడిపోతుంది, క్యాబిన్ మొత్తం వణికి ఆగిపోతుంది. అప్పటికే ఆరు నాజిళ్ళూ మార్చారు. పంపు విప్పి బాగుచేయించారు. వేలు ఖర్చయ్యాయి. బండి మాత్రం అట్లాగే ఉంది.

"అంతా ఈడి పనేరా. డీజిలు అమ్ముకుని కిరసనాయిలు పోస్తున్నాడు" అన్నాడు ఆసామి, డ్రైవరును చూపించి. డ్రైవరు మాలపల్లె కుర్రాడు. రెండు నెలల జీతం ఆపేశాడంట. ఆ కుర్రాడు నా వంక చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. నేను గనక ఔనంటే ఆడి పని అయిపోయినట్టే.

బండి స్టార్టు చేయించి స్లోలో పెట్టాను. నాజిళ్ళకు పోయే గొట్టాల నట్లు ఒక్కొక్కటే కొంచెం వదులు చేసి మళ్ళీ బిగించుకుంటా పోయాను. వదులు చేస్తే ఆ సిలిండరుకు డీజిలు అందదు. అప్పుడు ఇంజను చప్పుడు ఇంకా కుంటుపడితే అది అంతవరకూ పనిచేస్తున్నట్టు. ఏ తేడా రాకపోతే అదే చచ్చిన సిలిండరు. ఆరింటినీ చూశాను. ఆరింటికీ తేడా వచ్చింది. అంటే చెడింది ఏ ఒక్కటీ కాదు. ఆరింటికీ తిండి వచ్చే దారిలో ఎక్కడో ఉంది తప్పు.

ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొట్టాను. డీజిలు బదులు నురగ వచ్చింది. గాలి! అప్పుడు ఆ బండి ట్యాంకులోని డీజిలే ఒక డబ్బాలోకి తీసి, పైన కట్టి, రబ్బరు గొట్టంతో నేరుగా ఫీడు పంపుకి ఇచ్చాను. గాలి తీసి స్టార్టు చేస్తే ఇంజను మా నాయన డప్పు లాగా ఒకే వరసలో కొట్టింది.

"ఇది మీ ట్యాంకులో డీజిలేనండి. ఇందులో కల్తీ ఉంటే ఇప్పుడు కూడా ఇట్లా ఆడదు" అన్నాను. ఆసామి మాట్లాడలేదు.

ట్యాంకు నుంచి వచ్చే ఇనప గొట్టం ఊడదీశాను. ఒక కొస మూసి, సబ్బునీళ్ళు పూసి, రెండో కొస నోట్లో పెట్టుకుని ఊదాను. ఛాసిస్ మీద క్లిప్పు కింద రాసుకున్న చోట చిన్న బుడగ లేచింది. వెంట్రుకంత పగులు. పంపు పీలుస్తుంటే దాంట్లోంచి డీజిలు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. చుక్క కనపడదు గనక ఎవరూ అటు చూడలా. కనపడే మనిషిని పట్టుకున్నారు. పగిలిన ముక్క కోసేసి, రబ్బరు గొట్టం అతికి, క్లిప్పులు బిగించాను. అంతే.

"పనోడివేరా" అని ఆసామి నవ్వి టీ తెప్పించాడు. డ్రైవరు ఎవరూ చెప్పకుండానే గొడ్లసావిడి చూరులోంచి రెండు సత్తుగ్లాసులు తీశాడు. మాకు టీ పైనుంచి ఎత్తిపోశారు. నేను నోరు పెట్టిన గొట్టం ఆ బండికి పనికొచ్చింది. నా ఎంగిలి తగిలిన దారిలోనే డీజిలు పోయి ఆయన ధాన్యం మోస్తుంది. నా నోరు తగిలిన గ్లాసు మాత్రం చూరులోనే ఉండాలి. ఇది నా నాలిక చివరిదాకా వచ్చింది. చుండూరు కళ్ళముందు ఆడింది. మింగేశాను. "కుర్రాడి తప్పేం లేదండి, జీతం ఇప్పించండి" అని మాత్రం అన్నాను. తర్వాత నెల ఆ కుర్రాడు ఆటోనగర్ వచ్చి చెప్పాడు, సగమే ఇచ్చాడని.

ఇప్పుడు నాకు సొంత షెడ్డు ఉంది. కొత్త లారీల్లో ఏం చెడిందో కంప్యూటరు పెట్టి చూస్తున్నారు. పాతవి మాత్రం ఇంకా మా చెవుల దగ్గరికే వస్తున్నాయి. "ఆరూ చూడకుండా ఏ ఒక్కదాన్నీ చెడిందనమాకండి" అని పిల్లలకు చెబుతుంటాను. చదువుకునే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ అదే చెబుతున్నా. మీకు తెలివి లేదనీ, మీవాళ్ళు దొంగలనీ ఎవరన్నా అంటే, తిండి వచ్చే దారి ఎక్కడ పగిలిందో చూశారా అని అడగండి. నేను అడగలేకపోయాను.

ఆరోజు ఆ టీ తాగాను. గ్లాసు నేనే కడిగి, మళ్ళీ చూరులో పెట్టి వచ్చాను.