మీవాడి కెమెరా, ఉప్పలపాడు చెరువు

వదినా, ఓ వదినా! ఒకసారి గోడ దగ్గరికి రా. మీవాడి కెమెరా వచ్చిందటగా? నిన్న కొరియర్ అబ్బాయి మీ గేటు కొట్టీ కొట్టీ చివరికి మా ఇంటికొచ్చి అడిగాడు. అట్టపెట్టె సైజు చూస్తేనే తెలిసిందిలే, లెన్సు కూడా పెద్దదే కొన్నాడని. ఎంతయిందని మాత్రం అడగను. అడిగితే నువ్వు చెప్తావు, నువ్వు చెప్పేది లోపల అన్నయ్యగారికి వినపడుద్ది, ఆ తర్వాత మీ ఇంట్లో జరిగేదంతా మాకు వినపడుద్ది.

ఏందీ, వచ్చిన మర్నాడే పులికాట్ పోతానంటున్నాడా? ఫ్లెమింగోలు తీస్తాడంటనా? తియ్యనీ, ఎవరొద్దన్నారు. కానీ అదేమన్నా చిన్న చెరువా వదినా? మన దేశంలో సముద్రాన్నానుకుని ఉన్న ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత పెద్దది అదే. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు దాని మధ్యలోంచే పోద్ది. ఆ రోడ్డు మీద నిలబడితే ఫ్లెమింగోలు ఎక్కడో అవతల గులాబీరంగు గీతలా ఉంటాయి, అంతే. ఎండెక్కాక నీళ్ళ మీద గాలి వేడెక్కి అల్లాడుతుంటది. అప్పుడు ఎంత ఖరీదు లెన్సు పెట్టినా బొమ్మ చెదిరిపోయే వస్తది. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకుని, లెన్సు బాగాలేదు, ఇంకా పెద్దది కావాలంటాడు. అప్పుడు అన్నయ్యగారి మొహం నువ్వే చూడాలి.

ముందు ఉప్పలపాడు పొమ్మను. మన గుంటూరు నుంచి బండేసుకుపోతే టిఫిన్ టైముకి ఇంటికొచ్చేస్తాడు. చలికాలంలో గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ, నత్తగొట్టు కొంగలూ అన్నీ అక్కడే. చెరువులో తుమ్మచెట్లు చాలక ఇనప స్టాండ్లు నాటితే వాటి మీదా గూళ్ళు పెట్టేస్తాయి. ఊరి చెరువది, చుట్టూ ఇళ్ళు, గట్టు మీద జనం తిరుగుతూనే ఉంటారు. ఊళ్ళోవాళ్ళు వాటి జోలికి పోరు, పోయేవాణ్ణి ఊరుకోరు. అందుకని మనిషి కనపడగానే అవి లేచిపోవు. నేర్చుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పు?

పోయి ఏం చెయ్యాలంటావా? కూర్చోవాలి. నవ్వకు, నిజంగానే చెప్తున్నా. కెమెరా ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చోవాలి. ఈ పిల్లలకి అదే చేతకాదు. బండి దిగుతూనే టకటకా వంద నొక్కి, ఇంకో గట్టుకి పరిగెత్తుతారు. కాసేపు కూర్చుంటే పక్షి మనల్ని చూడ్డం మానేసి దాని పని అది చూసుకుంటది. అప్పుడుగదా వదినా తియ్యాల్సింది! ఇంకోటి, ఎటు కూర్చోవాలో కూడా చూసుకోవాలి. పొద్దున్నే సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోవాలి. మన నీడ ఎటు పడుతుందో పక్షి అటు ఉండాలి. గాలి కూడా వీపు వైపు నుంచే వస్తుంటే ఇంక అదృష్టమే. పెద్ద పక్షులు ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగుతాయి, అంటే మన మొహం కేసే వచ్చి దిగుతాయన్నమాట. గాలి మనకి ఎదురుగా వస్తుంటే రోజంతా వాటి తోకలు తియ్యడమే.

ఎగిరేది ఎట్లా తెలుస్తదా? మెడ ముందుకి చాస్తది, ఒళ్ళు కాస్త కిందకి వంచుద్ది. చాలా పక్షులు రెట్ట వేసి మరీ లేస్తాయి. అది చూడగానే వేలు మీట మీద ఉండాలి. మీవాడికి ఈ మాట కూడా చెప్పు, ఎగిరే పక్షికి సెకనులో 1000వ వంతుకన్నా నిదానంగా తీస్తే రెక్కలు అలుక్కుపోతాయి. చిన్నపిట్టకైతే 2000వ వంతైనా పెట్టుకోవాలి. ఐఎస్ఓ పెరిగి కాస్త ఇసక రాలినట్టొచ్చినా ఫర్వాలేదు, కదిలిపోయిన ఫొటోని మాత్రం ఏ కంప్యూటరూ బాగుచెయ్యలేదు.

తెల్ల కొంగలతో ఇంకో తంటా ఉంది. కెమెరాకి కళ్ళు లేవు గదా, లోకంలో అంతా బూడిదరంగే అనుకుంటది. నల్లటి నీళ్ళ మధ్య ఒక తెల్ల కొంగ నిలబడిందనుకో, అబ్బో చీకటిగా ఉందే అనుకుని వెలుగు పెంచేస్తది. ఈకలన్నీ సున్నం కొట్టినట్టు పాలిపోతాయి, ఒక్క గీత కనపడదు. అప్పుడు మనమే ఎక్స్‌పోజరు ఒక మెట్టు తగ్గించుకోవాలి. అదే కొంగ ఫ్రేమంతా నిండిందనుకో, అప్పుడు రివర్సు, తెల్లదాన్ని మాసినట్టు చూపిస్తది, మనం పెంచాలి. ఈ ఒక్క సంగతి వంటబడితే వాడు సగం నేర్చుకున్నట్టే.

పొద్దున వెలుగే మంచిదనీ, మధ్యాహ్నం కెమెరా బయటికి తియ్యొద్దనీ అందరూ చెప్తారు. నేనూ చెప్తా. కానీ ఫిబ్రవరి, మార్చిల్లో ఎండ ముదిరాక ఒక్కసారి మధ్యాహ్నం పొమ్మను. ఎర్రకాళ్ళ కొంగ గూటి మీద నిలబడి రెండు రెక్కలూ విప్పి పిల్లలకి నీడ పడుద్ది. ఇంకోటి పోయి నోట్లో నీళ్ళు పట్టుకొచ్చి పిల్లల మీద వదులుద్ది, తడిసి చల్లబడతాయని. నెత్తిన మాడే ఎండ లేకపోతే ఆ ఫొటో ఏదీ? పొద్దున ఆరింటికి ఆ పని చెయ్యవు గదా అవి! వెలుగు మెత్తగా అందంగా ఉంటే సరా వదినా, అక్కడ ఏదో ఒకటి జరగాలి గదా. నా మటుకు నాకు, బంగారు వెలుగులో ఊరికే నిలబడ్డ కొంగకన్నా ఎండలో రెక్క విప్పిన కొంగే నచ్చుద్ది.

నత్తగొట్టు కొంగని మాత్రం పక్కనుంచే తియ్యమను. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటది దానికి, అవతలి ఆకాశం కనపడుద్ది అందులోంచి. పిల్లలకి ఆ సందుండదు, పెరిగాక వస్తది. తల్లినీ పిల్లనీ ఒకే ఫొటోలో పడితే ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు.

ఇంకా చిన్నపిట్టలూ, నీటి ఒడ్డున తిరిగే ఉల్లంకిపిట్టలూ ఉన్నాయి చూడు, వాటికి మాత్రం నిలబడి తీస్తే కుదరదు. పైనుంచి చూస్తే వెనక అంతా బురదే పడుద్ది. నేల మీద బోర్లా పడుకుని వాటి కళ్ళకి సమానంగా కెమెరా పెడితే వెనకదంతా దూరమైపోయి మెత్తగా కలిసిపోద్ది, పిట్ట ఒక్కటే తేటగా నిలబడుద్ది. కన్ను మాత్రం సూదిమొనలాగా స్పష్టంగా రావాలి. తోక మసకేసినా క్షమిస్తారు. చొక్కా ఉతికేది నువ్వే కాబట్టి ముందే చెప్తున్నా, తెల్లచొక్కా వేసి పంపకు. పిట్టలకీ మంచిది కాదు, నీకూ మంచిది కాదు.

లెన్సు గొడవకొస్తే, మద్రాసులో ఎం. కృష్ణన్ గారని ఒకాయన ఉండేవారు, అడవి గురించి రాసేవారు, ఏనుగుల్ని నలుపుతెలుపుల్లో అద్భుతంగా తీసేవారు. ఆయన కెమెరా ఒక కంపెనీది కాదు. అదీ ఇదీ ముక్కలు తెచ్చి తనే జోడించుకున్నదట. దానికి సూపర్ పాండరోసా అని పేరు కూడా పెట్టుకున్నాడు! 1970లో పద్మశ్రీ ఇచ్చారు. కెమెరా సంగతి దేవుడెరుగు, ఆయన ఏనుగుని చదివినట్టు చదివినవాడు లేడంటారు. మీవాడికి ఈ కథ అన్నయ్యగారి ఎదురుగా చెప్పు, ఇంకో లెన్సు మాట ఎత్తడు.

గూళ్ళ సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి వదినా. ఫొటో బాగా రావాలని గూటి ముందు కొమ్మలు విరిచేసేవాళ్ళున్నారు. ఆ కొమ్మలే పిల్లలకి నీడ, కాకుల కంటపడకుండా చాటు. తల్లి బెదిరి లేచిపోతే ఎండకి గుడ్లు పోతాయి, లేదంటే కాకి ఎత్తుకుపోద్ది. ఇంకొందరు ఫోన్లో పక్షి కూతలు వినిపిస్తారు. మగపిట్ట, నా జాగాలోకి ఇంకొకడు వచ్చాడనుకుని మేత మానేసి కొట్లాటకొస్తది. మనకి ఫొటో వస్తది, దానికి పూట తిండి పోద్ది. ఏం పని అది? కొన్ని పోటీల్లో గూటి ఫొటో పంపితే పక్కన పడేస్తారు, మంచి పనే చేస్తున్నారు. నేలపట్టు అయినా పులికాట్ అయినా అభయారణ్యాలు, అక్కడ అటవీశాఖ వాళ్ళనడగకుండా డ్రోన్లూ గీన్లూ ఎగరేస్తే కెమెరాతోపాటు వాణ్ణీ తీసుకుపోతారు.

అయినా గూళ్ళు తియ్యాలని సరదాగా ఉంటే గిజిగాడు ఉంది గదా. వానలు పడ్డాక వాటి గూళ్ళు తాడిచెట్లకీ ఈతచెట్లకీ వేలాడుతుంటాయి. మగది ఆకుల్ని సన్నగా చీల్చి తెచ్చి సగం గూడు అల్లి, దానికి తలకిందులుగా వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తది. ఆడది వచ్చి లోపలికి దూరి, అటూ ఇటూ లాగి చూసి, నచ్చితేనే కాపురం. నచ్చకపోతే వెళ్ళిపోద్ది, వీడి కష్టమంతా గంగపాలు. సరే నచ్చింది, గూడు పూర్తయింది, ఆవిడ గుడ్లు పెట్టి కూర్చుంది. అయ్యగారేమో పక్క మట్ట మీద ఇంకో గూడు మొదలెడతాడు, ఇంకొకావిడ కోసం! ఏం చెప్తాం. ఇదంతా ఒకే చెట్టు మీద కళ్ళముందే జరుగుద్ది. దూరం ఎంతుండాలో ఆ పిట్టే చెప్తది. నోట్లో పీచు పట్టుకుని గూటికి పోకుండా పక్క కొమ్మ మీద కూర్చుని ఎదురుచూస్తుందా, మనం దగ్గరికి వచ్చేశామన్నమాట. నాలుగడుగులు వెనక్కి తగ్గాలి.

ఇంకో మాట. ఏ ఊరు పోయినా ముందు గేదెలు కాసుకునేవాణ్ణి పలకరించమను. కలివికోడి కథ విన్నావా? 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. దొరకబట్టింది చదువుకున్న శాస్త్రవేత్తలు కాదు వదినా, ఆ ఊరి వేటగాడొకాయన, రాత్రిపూట టార్చిలైటు వెలుగులో. అది రాత్రిళ్ళు తిరిగే పిట్టని ఆయనకి తెలుసు. ఆ తర్వాతే అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. అందుకని మీవాడు గూగుల్లో వెతకడం కాస్త తగ్గించి, చెరువుగట్టు మీద ఎవరన్నా కనపడితే బీడీకి నిప్పెట్టె లేకపోయినా నాలుగు మాటలు కలపాలి.

కెమెరా ఎక్కడ పెట్టాడు? బీరువాలోనా? అయ్యో, మన గాలికి నాలుగు నెలల్లో లెన్సుకి బూజు పడుద్ది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టమను. బియ్యంలో పెడితే చెమ్మ పోద్దంటారు, ఆ పిచ్చిపని చెయ్యనీకు, తవుడంతా లోపలికి పోద్ది. ఏసీ గదిలోంచి ఉన్నట్టుండి బయటికి తీస్తే అద్దం మీద మంచు పట్టుద్ది, బ్యాగులోనే ఒక అరగంట బయట ఉంచి తర్వాత తియ్యాలి. ఇంకోటి, ఫొటోలు రా (RAW) ఫార్మాట్లో తీసుకోమను, ఫైళ్ళు పెద్దవైనా సరే.

నీకేం పనా ఇందులో? నీ ఫోనుంది గదా! నీ మందారచెట్టుకి రోజూ పొద్దున్నే తేనెపిట్ట వస్తది, చూశావుగా. మగదాన్ని నీడలో చూస్తే ఉట్టి నల్లపిట్ట. వెలుగు సరిగ్గా పడే వైపు నుంచి చూస్తే ఊదా, నీలం మెరుస్తుంటది. నువ్వు చెట్టుకి ఏ వైపు నిలబడాలో వారంలో నీకే తెలిసిపోద్ది. జూమ్ చెయ్యకు, అక్కడే కదలకుండా నిలబడు. పూల వెనకున్న తలుపు చీకటిగా ఉంటది గదా, అది వెనక పడేట్టు చూసుకో, పువ్వు ఎర్రగా నిలబడుద్ది. మీవాడి లక్ష కెమెరా చెయ్యనిది నీ ఫోను చేస్తే వాడికీ కాస్త తెలివొస్తది.

ఆదివారం వాణ్ణి ఉప్పలపాడు నేనే తీసుకుపోతాలే, ఆరింటికల్లా గేటు దగ్గరుండమను. సెంటు కొట్టుకోవద్దను. పిట్టలకి కాదు, నాకు పడదు.

ఆ, మర్చిపోయా. పోయిన దసరాకి ఎవడో పంజరంలో పాలపిట్టని పట్టుకొచ్చి, చూసినందుకు డబ్బులడిగితే మీ అత్తగారు ఇచ్చిందిగా? ఈసారి ఇవ్వొద్దని చెప్పు వదినా. దాన్ని పట్టుకోవడమే నేరం, 1972 నుంచీ చట్టం ఉంది. పైగా ఎగరకుండా రెక్కలు కట్టేసి తిప్పుతారు, చాలావరకు బతకవు. ఆవిడకి శుభం కావాలి, అంతేగా? బైపాసు దాటాక పొలాల పక్క కరెంటు తీగల మీద కూర్చునుంటాయి, చలికాలం పొద్దున చూడు ఎన్నో. పండగనాడు మీవాడి బండి ఎక్కించి పంపు. అది తీగ మీంచి కిందకి దూకేటప్పుడు రెక్కల్లో నీలం విచ్చుకుంటది, 2000వ వంతు పెట్టుకోమను. మీ అత్తగారికి దర్శనం, వాడికి ఫొటో. ఆవిణ్ణి గట్టిగా పట్టుకుని కూర్చోమను, ఆ రోడ్డంతా గుంతలే.