నాలుగు డిగ్రీలు

మా వైపు ఎవరి మాట మీదైనా అనుమానం వస్తే 'కాణిపాకం వస్తావా?' అంటారు. అంతే, ఇంకేం చెప్పక్కర్లేదు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి అబద్ధం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదని నమ్మకం. అప్పుల తగాదాలు, గట్టు తగాదాలు, తాగుడు మానేస్తానన్న ఒట్లు, రాజకీయ నాయకుల సవాళ్లు, అన్నీ అక్కడికే వస్తాయి. 2003లో మా నాయన ఒక జీపు వెనక యాక్సిల్ గురించి మేస్త్రీ మామని అక్కడికి రమ్మన్నాడు.

ఆ జీపు కాణిపాకానికీ చిత్తూరుకీ మధ్య మనుషుల్ని ఎక్కించుకుని తిరిగేది. ఎంతమంది అని అడక్కండి. వెనక నిచ్చెన మీద వేలాడేవాళ్లని లెక్కలో వేయాలా వద్దా అన్నది అప్పట్లోనే తేలలేదు. ఫిబ్రవరిలో దాని క్రౌన్ పినియన్ పళ్లు ఊడిపోయాయి. కొత్త సెట్టు కొనే డబ్బులు లేక నాయన పాత ఇనప సామాన్ల కొట్టులో ఇంకో రకం జీపు యాక్సిల్ మొత్తంగా బేరమాడి తెచ్చాడు. పొడవు సరిపోయింది. కానీ కమాన్ కట్టలు కూర్చునే సీట్లు మాత్రం ఉండాల్సిన చోట లేవు. వాటిని కోసేసి, మళ్లీ అతకాలి.

కష్టమంతా అక్కడే. సీటు ఏ వాలులో అతికితే పినియన్ ముక్కు ఆ వాలులో ఉండిపోతుంది. గేర్‌బాక్స్ నుంచి పినియన్ దాకా వచ్చే షాఫ్టుకి రెండు చివర్లా క్రాసులుంటాయి. క్రాసు వంగి తిరిగేటప్పుడు ఒక చిత్రం జరుగుతుంది. ఇటువైపు ఒకే వేగంతో తిప్పినా, అటువైపు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. 17వ శతాబ్దంలో రాబర్ట్ హుక్‌కే ఈ సంగతి తెలుసు. దీనికి మందు కూడా ఇంకో క్రాసే. రెండు క్రాసులూ ఒకే కోణంలో వంగితే ముందుది చేసిన తప్పుని వెనకది దిద్దేస్తుంది. అంటే గేర్‌బాక్స్ ఎంత వాలి ఉందో పినియన్ కూడా అంతే వాలి, రెండూ సమాంతరంగా ఉండాలి. తేడా వస్తే ఆ ఊగులాట షాఫ్టులోంచి బండికంతా ఎక్కుతుంది.

మేస్త్రీ మామ హుక్ పేరు విని ఉండడు. "పైది నాలుగుంటే కిందది మూడు పెట్టాల," అనేవాడు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కమాన్ కట్టలు మెలిపడి పినియన్ ముక్కు పైకి లేస్తుంది, ఆ మిగిలిన ఒక్కటి దానికి. చూపు మందగించి సన్న గీతలు ఆయనకి కనిపించేవి కావు. నేను ఇంటర్, అందులోనూ మ్యాథ్స్ గ్రూపు. నా కాంపాస్ బాక్సులోని కోణమానికి దారం కట్టి, దారం చివర ఒక నట్టు వేలాడదీసి, దాని చదును అంచుని ఫ్లాంజ్ ముఖానికి ఆనించి చదివి చెప్పేవాణ్ణి. ఇంజనీర్ని అయిపోయినట్టే అనుకున్నా.

ఆ రోజు మార్చి 1. సెంచూరియన్‌లో ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్. మధ్యాహ్నం జీపు నాలుగు టైర్ల మీద ఉండగా గేర్‌బాక్స్ కొలిచా, నాలుగు డిగ్రీలు. తర్వాత వెనక ఛాసిస్‌ని దిమ్మెల మీదికి ఎత్తి, కొత్త యాక్సిల్‌ని కమాన్ కట్టల కింద బిగించాం. సీట్లు ఇంకా అతకలేదు, హౌసింగ్ అటూ ఇటూ తిరుగుతుంది. "చక్రాలు వేసి, బండిని నేల మీదికి దించండి. దాని బరువు దాని మీద పడినాక ముక్కు మూడుకు తెచ్చి నాలుగు చుక్కలు పెట్టండి. మళ్లీ ఎత్తినాక నిండా అతుకుతా. గాల్లో ఉన్నప్పుడు చూస్తే కొలత అబద్ధం చెప్తాది," అని చెప్పి మామ వెల్డింగ్ రాడ్ల కోసం చిత్తూరు వెళ్లాడు.

చక్రాలు వేసి, దించి, మళ్లీ ఎత్తి, మళ్లీ విప్పేసరికి గంట పైనే. పక్క టీ కొట్టు రేడియోలో సచిన్ కొడుతున్నాడు. మామ దగ్గర పనిచేసే కుర్రాడికి చుక్కలు పెట్టడం వచ్చు, వాడికీ మ్యాచ్ కావాలి. జీపు గాల్లో ఉండగానే దారాన్ని మూడు మీదికి తెచ్చా. వాడు చుక్కలు పెట్టాడు. సచిన్ 98 దగ్గర అవుటయ్యే వేళకి మేం టీ కొట్టు దగ్గరున్నాం.

"దించి చూసినారా?"

"చూసినాం మామా. మూడే."

ఆయన నిండా అతికేశాడు.

వెనక ఎత్తి ఉన్నప్పుడు ఛాసిస్ ముందుకి వాలి ఉంటుంది. దించితే వెనక్కి వస్తుంది, దాంతోపాటు పినియన్ ముక్కు పైకి లేస్తుంది. ఇది నాకు తెలియక కాదు. రొంత తేడా వస్తే ఏమవుతుందిలే అనుకున్నా.

యాభై స్పీడు దాటితే ఫ్లోరులో తుమ్మెద రొద మొదలయ్యేది. ఎక్కినవాళ్లు కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయనేవాళ్లు. మూడు నెలల్లో రెండు క్రాసులు పోయాయి. నాయనకి ప్రతి రూపాయీ లెక్కే. మామ కొలవకుండా అతికి డబ్బులు తీసుకున్నాడని నలుగురిలో అన్నాడు. చిన్నప్పటి నుంచి ఒకే బీడీ కట్ట పంచుకున్నవాళ్లు. మామ మొహం నల్లబడింది. "రా, కాణిపాకం పోదాం," అన్నాడు నాయన. వచ్చాడు.

కోనేటి గట్టు మీద ఆయన పొడి చొక్కా పట్టుకుని నిలబడింది నేను. నీళ్లు కారుతున్న పంచెతో లోపలికి నడిచాడు. బావిలో వెలిసిన స్వామి పెరుగుతూనే ఉన్నాడనీ, ఎన్నడో చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టదనీ మా ఊళ్లో చెప్తారు. అప్పటిదాకా నేను దాన్ని కథలాగే వినేవాణ్ణి. "కొలత చూసే అతికినా సామీ. కొలవకుండా చేయలేదు," అన్నాడు మామ. ఒట్టులో ఒక్క మాట తప్పు లేదు. తప్పు ఆ ఒట్టు ఆధారపడిన అంకెలో ఉంది, ఆ అంకె నాది. నా నోరు పెగల్లేదు. నాయన ఆయన్ని వాటేసుకున్నాడు. ముగ్గురం బయటికి వచ్చి టిఫిన్ తిన్నాం. నాకు మాత్రం దోసె దిగలేదు.

వారం తర్వాత మామ జీపుని సమంగా ఉన్న నేల మీద నిలబెట్టించాడు. షాఫ్టు విప్పి నన్ను పిలిచి, పినియన్ కోణం చదవమన్నాడు. దారం ఎనిమిది దగ్గర ఆగింది.

"ఎంత?"

"ఎనిమిది."

ఆయన నావైపు చూశాడు. ఇంకేం అడగలేదు. ఒక అంచు మందం, ఒక అంచు పలచన ఉండే ఇనప చీలికలు కోసి, కమాన్ కట్టకీ సీటుకీ మధ్య దూర్చి, యూ బోల్టులు బిగించాడు. మళ్లీ చదివా, మూడు. ఆ సాయంత్రం తుమ్మెద పోయింది. ఏమయ్యిందని నాయన అడిగితే "కమాన్ కట్టలు రొంత కుంగినట్టుండాయి," అన్నాడు మామ. ఒట్టేసి వారం కూడా దాటలేదు.

ఆ జీపు ఎప్పుడో తూకానికి పోయింది. నేను బెంగళూరు వచ్చేశా. నాయన పోయి ఆరేళ్లయింది, ఆయనకి చివరిదాకా తెలీదు. పోయిన వినాయక చవితికి ఊరికెళ్లినప్పుడు మామ షెడ్డుకి వెళ్లా. చిన్న ట్రక్కు కింద పడుకుని ఉన్నాడు. పక్కనే గొంతుక్కూర్చుని చెప్పేశా, మ్యాచ్ దగ్గర్నుంచి కోనేటి గట్టు దాకా అన్నీ.

కిందనుంచి స్పానర్ చప్పుడు ఆగింది. "దించినాక ఇంకోసారి చూపించుకోని ఉండాల్సింది నేను," అన్నాడు. "పదహైదు మంది ఎక్కే బండబ్బా అది. పిల్లోడి మాట మీద అతికినా."

నేను ఏదో అనబోయాను.

"ఆ రసమట్టం ఇట్లియ్యి," అన్నాడు, చెయ్యి బయటికి చాపి. "నువ్వే చదువు. బండి నేల మీదనే ఉండాది."