ఎఆ

హవాయి భాషలో ‘ఎఆ’ అని ఓ చిన్న మాట ఉంది. రెండు అచ్చులే, హల్లు ఆసరా లేకుండా, నోరు తెరిస్తే చాలు వచ్చేస్తుంది. గాలి అని అర్థం, ఊపిరి అని అర్థం, ప్రాణం అనీ అర్థం. ఇంతవరకూ మనకు వింతేమీ కాదు. పైకి లేవడాన్ని కూడా ‘ఎఆ’ అంటారు. అగ్నిపర్వతాలు కడలి అడుగునుంచి పోసుకుంటూ వచ్చిన దీవుల్లో ఆ అర్థం లేకపోతేనే ఆశ్చర్యం. అక్కడి పెద్దదీవికి ఆగ్నేయంగా, నీటి మట్టానికి దాదాపు 975 మీటర్ల కింద, మరో పర్వతం ఇప్పటికీ పెరుగుతూనే ఉంది.

నన్ను ఆపేసింది మాత్రం ఇంకో అర్థం: సార్వభౌమత్వం. 1843 ఫిబ్రవరిలో జార్జి పౌలెట్ అనే బ్రిటిష్ నౌకాధికారి హవాయి రాజ్యాన్ని ఆక్రమించాడు. అయిదు నెలలకు బ్రిటిష్ అడ్మిరలే అయిన థామస్ వచ్చి, జూలై 31న తిరిగి ఇచ్చేశాడు. ఈ నేల ‘ఎఆ’ ధర్మం వల్లే నిలిచిందని మూడవ కమెహమెహా రాజు అన్నాడట. ఇంగ్లీషులో అది ‘ప్రాణం’గా స్థిరపడింది. తప్పనలేం. కానీ రాజ్యమన్న అర్థం ఎంత మెత్తగా పక్కకు తప్పుకుందో! 1893లో లిలియువొకలాని రాణిని గద్దె దింపారు. హవాయి అమెరికా రాష్ట్రమైన 1959లోనే రాజుగారి ఆ మాట రాష్ట్ర నినాదమైంది.

హొనొలులులోని థామస్ స్క్వేర్‌లో నేటికీ ‘ఎఆ’ తిరిగొచ్చిన పండుగ చేసుకుంటారు. ఏ అర్థంలో అంటున్నారని వాళ్లను అడగాలనిపిస్తుంది. అడిగితే నవ్వుతారేమో.