సిల్వర్ గిన్నెలు, కారు చక్రాలు

కారు చక్రాలు ఇంట్లో కూర్చుని ఉప్పు కాగితంతో రుద్దుకుంటున్నానని చెబితే మా ఆఫీసులో మూడు రకాల మాటలొచ్చాయి. "ఎంత మిగుల్తుంది?" అన్నది మొదటిది. "షాపులో ఇస్తే సాయంత్రానికి చేసిచ్చేస్తారుగా" అన్నది రెండోది. మూడోది మా టీమ్ లీడు గారిది: "పని తక్కువైనట్టుంది, ఇంకో మాడ్యూల్ ఇమ్మంటావా?" అని. మొదటి రెండింటికీ జవాబు చెబుదామనే ఇదంతా. మూడోదానికి నా దగ్గర జవాబు లేదు.

డబ్బులు మిగలవండీ. వాటర్ పేపర్లు, పెయింట్ రిమూవరు, గ్లౌజులు, పాలిష్ డబ్బా, జాకీ స్టాండ్లు అన్నీ కలిపితే షాపతను నాలుగు చక్రాలకి అడిగినదానికి కాస్త అటూఇటూగానే తేలింది. పైగా ఒక్కో చక్రానికి ఐదారు గంటలు. మన గంటకి క్లయింటు దగ్గర ఎంత వసూలు చేస్తున్నారో తల్చుకుంటే ఏడుపొస్తుంది కాబట్టి ఆ లెక్క జోలికి పోను.

రెండో ప్రశ్నే అసలైనది. షాపతను చేసేదీ నేను చేసేదీ ఒకటి కాదు. అతను ఉన్న పొర మీద ఇంకో పొర వేస్తాడు. నేను ఉన్న పొరలు తీసేస్తాను. ఆ తీయడంలో నాకేం కనబడిందో చెప్పాలంటే ముందు కాస్త లోహం గురించి మాట్లాడుకోవాలి.

మన ఇళ్ళల్లో అల్యూమినియం అనే మాట ఎవరూ వాడరు కదా. అది సిల్వర్. కొన్ని చోట్ల సత్తు గిన్నె అంటారు. బైకుల వాళ్ళేమో మ్యాగ్ వీల్ అంటారు. మ్యాగ్ అంటే మెగ్నీషియం. పాత రేసు కార్ల కాలం నుంచి పేరు మాత్రం మిగిలిపోయింది, మామూలు బళ్ళకి వచ్చేది అల్యూమినియం మిశ్రమమే. ఎక్కువగా వాడేదాన్ని ఎ356 అంటారు. అందులో సుమారు 7 శాతం సిలికాన్, 0.3 శాతం మెగ్నీషియం ఉంటాయి. అచ్చులో పోశాక దాదాపు 540 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచి, నీళ్ళలో ముంచి, మళ్ళీ తక్కువ వేడిలో మరికొన్ని గంటలు ఉంచుతారు. దీన్ని టి6 అంటారు. చక్రానికి బలం వచ్చేది ఇక్కడే. ఇది గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇంకో విషయం. అల్యూమినియానికి తుప్పు పట్టదనుకుంటాం గానీ పడుతుంది. గాలి తగిలిన క్షణంలోనే పైన కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర కట్టేస్తుంది. ఇనప తుప్పులాగా పొట్టు రాలదు కాబట్టి కిందున్న లోహాన్ని అదే కాపాడుతుంది. ఆ ఆక్సైడే స్ఫటికంగా మారి, కాస్త క్రోమియం కలిస్తే కెంపు. ఇనుము, టైటానియం కలిస్తే నీలం. వడ్రంగి వాడే గోధుమ రంగు ఉప్పు కాగితం మీద సాధారణంగా ఉండేదీ అదే ఆక్సైడు. నల్లగా ఉండే వాటర్ పేపర్ మీదది మాత్రం సిలికాన్ కార్బైడ్. చింతపండుతో ఇత్తడి బిందె తళతళలాడుతుంది గానీ సిల్వర్ గిన్నెని కాస్త ఘాటైన క్షారంతో తోమితే నల్లబడుతుంది. చక్రం కూడా అంతే. బాత్రూమ్ గొట్టాల్లో పోసే పొడి లాంటివి దాని దగ్గరికి రానివ్వకూడదు.

మాది పదేళ్ళ నాటి పాత కారు. చక్రాల పైనున్న లక్క పొర అక్కడక్కడా లేచి, దాని కింద వానపాములు పాకినట్టు తెల్లటి గీతలు. రాయి తగిలి పొర చిట్లినచోట తేమ దూరి, పొర కిందనుంచే తినుకుంటూ పోతుంది. షాపుల్లో మామూలుగా జరిగేది ఏమిటంటే, పైపైన గీకి, సిల్వర్ పెయింటు కొట్టి ఇచ్చేస్తారు. ఏడాది తిరక్కుండా పాములు మళ్ళీ బయటికొస్తాయి.

పని పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. చక్రం ఊడదీసి, షాంపూ నీళ్ళతో కడిగి, రిమూవరు పూసి పెయింటు ఊడగొట్టాలి. ఈ ఒక్క పనీ సెల్లార్లో చెయ్యకండి, ఆ ఆవిరి మంచిది కాదు. నేను టెర్రస్ మీద చేశాను. తర్వాత తడి వాటర్ పేపర్ 320తో మొదలుపెట్టి 400, 600, 1000, 1500, 2000 వరకూ. నంబరు పెరిగేకొద్దీ రేణువు చిన్నదవుతుంది. 400లో సుమారు 35 మైక్రాన్లు, 1000లో 18, 2000లో 10. ఆ తర్వాత పేస్టు పాలిష్, మెత్తటి బనీను గుడ్డ. గుడ్డ బొగ్గులా నల్లబడుతుంది. అది మురికి కాదు, చక్రం నుంచి ఊడొచ్చిన లోహమే.

కిటుకల్లా ఒకటే. ఒక్కో నంబరు కాగితం తన ముందు నంబరు గీసిన గీతల్ని మాత్రమే చెరపగలదు. అంతకు ముందువాటిని చెరపడం దాని వల్ల కాదు. 400తో అడ్డంగా రుద్దితే 600తో నిలువుగా రుద్దాలి. అప్పుడు అడ్డగీత ఒక్కటి మిగిలినా కనిపిస్తుంది. తొందరపడి 320 నుంచి 1000కి దూకితే, చేత్తో తడిమితే గాజులా ఉంటుంది, పాలిష్ పెట్టి ఎండలో చూస్తే మాత్రం 320 గీతలన్నీ పలకరిస్తాయి. యూనిట్ టెస్టింగు ఎగ్గొట్టి ప్రొడక్షన్‌లో పెట్టినవాళ్ళకి ఈ అనుభవం కొత్త కాదులెండి :-)

ఇంజనీరింగు మొదటి ఏడాది వర్క్‌షాపులో ఇనప ముక్కని ఆకురాయితో రాకి, మూలమట్టం పెట్టి వెలుతురు కనబడుతోందా అని చూసుకున్న రోజులు గుర్తున్నాయా? మనలో చాలామందికి లోహంతో పరిచయం అక్కడ మొదలై అక్కడే ఆగిపోయింది. కీబోర్డు మీద తప్ప చేతులతో ఏ పనీ చెయ్యని మన జాతికి, రెండు గంటలు రుద్దాక వేళ్ళ చివర్లు మొద్దుబారడం ఒక రకమైన భోగం.

"డ్రిల్లుకి బఫ్ తగిలిస్తే అరగంటలో అయిపోతుంది, ఈ నీళ్ళ గోలేంటి సార్?" అన్నాడు మా వాచ్‌మన్. చివర్లో పేస్టు పాలిష్‌కి అయితే సరేగానీ, పొడిగా మిషనుతో రాకడం నాకిష్టం లేదు. దానికి కారణం నా భయం కాదు, 2014 ఆగస్టు 2. ఆ రోజు పొద్దున చైనాలో జియాంగ్సు రాష్ట్రం కున్షాన్‌లో ఒక కర్మాగారం పేలిపోయింది. అక్కడ చేసేది సరిగ్గా ఈ పనే, కార్ల అల్యూమినియం చక్రాలు రాకి పాలిష్ పెట్టడం. పేరుకుపోయిన అల్యూమినియం ధూళి అంటుకుంది. చివరికి మృతుల సంఖ్య 146కి చేరింది. గిన్నెగా ఉన్నప్పుడు పొయ్యి మీద పెట్టినా ఏమీ కాని లోహం, సన్నటి ధూళిగా మారి గాల్లో లేస్తే మందుగుండే. నా సెల్లార్‌లో ఒక్క చక్రానికి రాలే పొడితో అంత జరగదని నాకూ తెలుసు. కానీ తడిపి రుద్దితే ధూళి ఊపిరితిత్తుల్లోకీ పోదు, గాల్లోకీ లేవదు. బకెట్ నీళ్ళకి అంతకన్నా మంచి ఉపయోగం ఏముంది? అదీగాక షోరూమ్‌లో తళతళలాడే చక్రం చూసినప్పుడల్లా, దాన్ని ఎవరో ఒకరు రుద్దే ఉంటారు కదా అనిపించడం మొదలైంది.

ఇక అసలు సంగతి.

వెనక ఎడమ చక్రంలో కొన్ని నెలలుగా వారానికి నాలుగైదు పీఎస్‌ఐ గాలి తగ్గుతోంది. టైర్ల షాపులో రెండుసార్లు వాల్వు మార్చారు, పంక్చరేమీ లేదన్నారు. రిమూవరు పూసి, చక్రం లోపలి వైపు బ్రేకు మసి, పాత పెయింటు మొత్తం తీసేశాక, లోపలి అంచు నుంచి లోపలికి వెంట్రుక లాంటి గీత. నాలుగు సెంటీమీటర్లుంటుంది. పోతపోసిన గీతో, గీరుకున్న గీతో, పగులో చూస్తే తెలియదు.

నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన వచ్చి చూసి, "కాగితం పెట్టకు, ఆగు" అన్నారు. ఎందుకంటే అల్యూమినియం మెత్తన. రుద్దితే పైలోహం సాగి పగులు నోటిని మూసేస్తుంది. పెయింటు ఎలా దాస్తుందో మన పాలిష్ కూడా అలాగే దాచెయ్యగలదన్నమాట! ఈ ముక్క నాకు ఏ వీడియోలోనూ దొరకలేదు. నాన్న గీత మీద డీజిల్ పూసి, పావుగంట ఆగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, మా అక్క కూతురి సుద్దముక్క పొడి చేసి చల్లారు. ఐదు నిమిషాల్లో తెల్లటి సుద్ద మీద సన్నటి తడి గీత దానంతటదే తేలింది. పగుల్లోకి దిగిన నూనెని సుద్ద పైకి పీల్చుకుంటుంది. గీరుడైతే గుడ్డతోనే పోయేది. పాత కాలం నుంచీ రైల్వే వర్క్‌షాపుల్లో పగుళ్ళు పట్టుకోడానికి వాడిన పద్ధతట ఇది.

టైరు ఊడదీయించడానికి వెళితే షాపతను ధైర్యం చెప్పాడు. "ఆర్గాన్ వెల్డింగ్ పెట్టించి పౌడర్ కోటింగ్ కొట్టిస్తే కొత్తదే సార్. ఎవరికీ తెలీదు." నన్ను భయపెట్టింది ఆ ఎవరికీ తెలీకపోవడమే. వెల్డింగు పెట్టాలంటే అక్కడ లోహం కరగాలి, అంటే దాదాపు 600 డిగ్రీలు. అంతకుముందు చెప్పిన టి6 బలం ఆ చుట్టుపక్కలంతా పోతుంది. పూర్తి చక్రాన్ని మళ్ళీ ఆ కొలిమిలో పెట్టి తీస్తే తప్ప తిరిగి రాదు, అది ఏ సందులో షాపూ చెయ్యదు. మా టైరు 185/65 ఆర్15, చుట్టుకొలత 1.95 మీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడ 270 కిలోమీటర్లనుకుంటే చక్రం సుమారు 1,38,000 సార్లు తిరగాలి. తిరిగిన ప్రతిసారీ ఆ పగులు మీద ఒకసారి బరువు పడి లేస్తుంది. వెనక సీట్లో మా అక్క పిల్లలు కూర్చుంటారు.

నాకొద్దన్నాను. అప్పుడతను "అయితే నాకిచ్చెయ్యండి, 1500 ఇస్తా" అన్నాడు. పగిలిన చక్రానికి 1500 ఎందుకిస్తాడు? వెల్డింగు పెట్టి, నల్ల పెయింటు కొట్టి, సెకండ్ హ్యాండ్ చక్రం కావాలని వచ్చినవాడికి అమ్మడానికి. ఆ వచ్చేవాడు నాలాగే ఈఎంఐలు కట్టుకుంటూ నాలుగు రాళ్ళు మిగుల్చుకుందామని చూసేవాడే అయ్యుంటాడు. ఇంట్లో దీని మీద చిన్న చర్చ జరిగింది. "నువ్వు అమ్మకపోతే ఇంకోడు అమ్ముతాడు, ఊళ్ళో పగిలిన చక్రాలకి కొదవా?" అన్నాడు బావ. నిజమే, కొదవలేదు. కానీ అవి నేను సుద్ద చల్లి చూసినవి కావు.

హ్యాక్సా తెచ్చి అంచుని రెండు చోట్ల పూర్తిగా కోసేశాను. అల్యూమినియం బ్లేడు పళ్ళలో ఇరుక్కుంటుంది, మధ్యమధ్యలో సబ్బు రాస్తే జారుతుంది. ముప్పావుగంట పట్టింది, అందులో చివరి పావుగంట నాన్నే కోశారు. పాత సామాన్ల కొట్లో తూకం వేస్తే 7 కిలోల పైచిలుకు, వెయ్యి రూపాయల లోపే వచ్చాయి. అది మళ్ళీ కరిగి ఏ గిన్నో అవుతుంది. ఖనిజం నుంచి కొత్తగా తీసేదాంతో పోలిస్తే పాతది కరిగించడానికి దాదాపు 5 శాతం శక్తే చాలట.

మీరూ మొదలుపెడతానంటే రెండు జాగ్రత్తలు. క్రోమ్ పూత ఉన్న చక్రాన్నీ, ముఖం మీద లేతు గీతలతో మెరిసే డైమండ్ కట్ చక్రాన్నీ కాగితంతో ముట్టుకోకండి. మామూలువాటిలో కూడా టైరు కూర్చునే గాడిని, హబ్‌కి ఆనుకునే ముఖాన్ని, నట్ల రంధ్రాల్ని వదిలెయ్యండి. అక్కడ కొలతలు మారకూడదు. బిగించేటప్పుడు నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి, యాభై కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూసుకోవాలి. పైన లక్క కొట్టకుండా వదిలేస్తే రెండు నెలలకోసారి పేస్టు పెట్టక తప్పదు. నేను వదిలేశాను. ఏదైనా గీత వస్తే కనబడుతుందని.

మూడు చక్రాలయ్యాయి. నాలుగోదాని బదులు తెచ్చిన సెకండ్ హ్యాండ్ చక్రం మీద కొత్త సిల్వర్ పెయింటు నిగనిగలాడుతోంది. వచ్చే శనివారం దానికి రిమూవరు పూసి, ముందు సుద్ద చల్లి చూడాలి.