కార్డులో లేని మా ఊరు

టెక్కలి హాస్టల్లో ఉండగా పోస్ట్‌క్రాసింగ్‌లో చేరాను. 2005లో పోర్చుగల్‌లో మొదలైంది. ముక్కూమొహం తెలియనివాళ్లకి మనం కార్డు పంపాలి. అది చేరిందని వాళ్లు నంబరు నమోదు చేస్తే, ఇంకెవరో మనకి పంపుతారు.

నా మొదటి కార్డు ఫిన్లాండ్‌కి. పలాస జీడిపప్పు, ఉద్దానం కొబ్బరి, 2018 తిత్లీ తుఫానుకి కూలిన తోటలు, అన్నీ రాశాను. మందస కొండల్లో మా ఊరు గానీ, సవర అన్న మాట గానీ రాయలేదు. సిగ్గు.

సెలవులకి వెళ్లి ఫోన్లో దాని ఫొటో చూపించి చదివితే, "మనూరు ఏదిరా ఇందులో?" అంది అమ్మ. నోట మాట రాలేదు.

రెండో కార్డు మీద నా పేరు సోరాంగ్ సోంపెంగ్‌లో రాశాను. 1936లో మంగేయి గొమాంగో మన భాషకి చేసిన లిపి అది. అందుకున్న జర్మనీ ఆవిడ, మిగతా అక్షరాలు కూడా చూపించమంది. నాకొచ్చినవి నా పేరు వరకే.

ఇప్పుడు నేర్చుకుంటున్నాను. మీలో ఎవరికైనా వస్తే చెప్పండి.